అరవై రెండో ఏట ఎల్ బోర్డు

(మయూర్ విహార్‌లో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద పెద్దలు దేశభద్రత గురించో, తెలుగుభాష గురించో చక్కగా మాట్లాడతారు. నాకు ఆ రెండూ చేతకావు. కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఆ కారు సంగతి చెప్పండి సార్, మనవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. పదినిమిషాలు ఇచ్చారు. అంచేత కారు సంగతే చెప్తాను.

నేను వాయుసేనలో ఇంజిన్ ఫిట్టర్‌ని. ముప్పై ఏడేళ్ళు పైన సర్వీసు చేసి వారంట్ ఆఫీసర్‌గా దిగాను. ఇంజిన్ శబ్దం విని ఏం తేడా వచ్చిందో చెప్పగలిగేవాణ్ణి. కానీ స్టీరింగు మాత్రం పట్టలేదు. పట్టే అవసరం ఎక్కడ వచ్చింది? డ్యూటీకి వెళ్ళాలంటే గేటు దగ్గర త్రీ టన్నర్, ఊరెళ్ళాలంటే ఎంటీ సెక్షన్ వాళ్ళ బండి, మిగతాదానికి సైకిలు, తరువాత స్కూటరు. మనలో ఇలాంటివాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. చేతులెత్తమని అడగనులెండి.

2017లో రిటైరై ఇక్కడే ఫేజ్ 1లో స్థిరపడ్డాం. మా పెద్దవాడు హైదరాబాద్‌కి మారుతూ తన కారు మా దగ్గర వదిలి వెళ్ళాడు. దాని మీద కవరు కప్పి, నెలకోసారి వాడి స్నేహితుడెవరైనా వస్తే స్టార్ట్ చేయించేవాణ్ణి. ఇలా నాలుగేళ్ళు.

2022 జనవరిలో ఒక రాత్రి రెండు గంటలకి మా ఆవిడ కడుపు పట్టుకుని లేచింది. చెమటలు, వాంతులు. అవి కరోనా మూడో విడత రోజులు. ఢిల్లీలో రాత్రి కర్ఫ్యూ ఉంది, బయట పొగమంచు. ఆటో లేదు. ఆంబులెన్సుకి చేస్తే ఆలస్యం అవుతుందన్నారు. కింద కారు ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది, తాళం నా చేతిలో ఉంది. ఆ తాళం పట్టుకుని రాత్రిపూట మూడు ఇళ్ళ తలుపులు కొట్టాను. ఆ రోజుల్లో తలుపు తియ్యడానికి ఎవరైనా జంకుతారు, వాళ్ళని తప్పు పట్టను. చివరికి పై అంతస్తు గఢ్వాలీ కుర్రాడు మాస్కు తగిలించుకుని దిగొచ్చాడు. దేవుడి దయవల్ల అది గుండె కాదు, పిత్తాశయంలో రాళ్ళు. కానీ తలుపులు కొట్టిన ఆ అరగంట నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాడే నిర్ణయించుకున్నాను. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి, అది తీసుకున్నాను. ఢిల్లీలో 2021 నుంచి లెర్నర్స్ పరీక్ష ఇంట్లో కూర్చునే రాయవచ్చు, రాశాను. లైసెన్సు వచ్చింది. ఇక్కడివరకూ బాగానే ఉంది. అసలు తప్పు ఆ తరువాత చేశాను.

హోళీకి మా వాడు వచ్చాడు. "స్కూలెందుకు నాన్నా, నేను నేర్పుతాగా" అన్నాడు. నాకూ డబ్బు మిగిలింది కదా అనిపించింది. ముందూ వెనకా ఎల్ బోర్డు అంటించి సంజయ్ లేక్ వైపు తీసుకెళ్ళాడు. మొదటిరోజు ఇద్దరం అరుచుకున్నాం. రెండోరోజు పార్కింగులో స్తంభానికి కారు గీసుకుంది. మూడోరోజు పొద్దున్న ఒక సందు మలుపులో కూరగాయల రేడీ ఎదురొచ్చింది. వాడు "నాన్నా, బ్రేకూ!" అని కేక పెట్టాడు. నా కాలు బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ మీద పడింది. బండి పక్కకి ఒరిగి టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆ మనిషి సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగి ఒక ఇంటామెకి చిల్లర ఇస్తున్నాడు కాబట్టి బతికాడు. రెండడుగులు ఇటు ఉంటే ఈ రోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి కాదు. సరుకు డబ్బులిచ్చి, బండి బాగు చేయించి, చేతులు జోడించి ఇంటికొచ్చాను. మా వాడూ నేనూ రెండురోజులు మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు హకీంపేట గుర్తొచ్చింది. 1980లలో అక్కడ కిరణ్ విమానాల మీద పనిచేశాను. ఈ హాల్లో వాటి మీద పనిచేసినవాళ్ళు ఉన్నారు. కిరణ్‌లో గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరికీ కంట్రోల్సు ఉంటాయి. క్యాడెట్ తప్పు చేస్తే ఇన్‌స్ట్రక్టర్ కేకలు వెయ్యడు, కంట్రోల్ తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ పని ఎలా చెయ్యాలో ఆయన కూడా విడిగా శిక్షణ పొంది వచ్చినవాడే. "మా బాబాయి నేర్పాడు" అని చెప్పి విమానం ఎక్కిన పైలట్‌ని మనం చూశామా? ఒక స్పానర్ పట్టడానికి కూడా నన్ను ట్రైనింగ్ స్కూల్లో కూర్చోబెట్టిన సర్వీసు ఇది. అలాంటివాణ్ణి, టన్ను బరువున్న యంత్రాన్ని జనం మధ్య నడపడానికి కొడుకుని పక్కన పెట్టుకుని బయలుదేరాను. వాడి ముందు బ్రేకు కూడా లేదు, కేక తప్ప వాడి దగ్గర ఏమీ లేదు. వాడి తప్పు కాదది.

ఏప్రిల్‌లో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. చేరేముందు రూల్స్ తీసి చదివాను. మనకి అలవాటే కదా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం స్కూలు బండికి రెండువైపులా కంట్రోల్ ఉండాలి. మామూలు కారు శిక్షణ 21 రోజులకి తక్కువ కాకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపేది పదిగంటలకి తగ్గకూడదు. బయట పదిరోజుల ప్యాకేజీలు అమ్ముతుంటారు. మొదట వెళ్ళినచోట ఈ రూలు చెబితే నా మొహం వింతగా చూశారు. రెండోచోట ఒప్పుకున్నారు. ప్రభుత్వంతో కలిసి మారుతి వారు నడిపే శిక్షణ సంస్థలు లోనీ రోడ్డులోనూ, యమున దాటితే సరాయ్ కాలే ఖాన్‌లోనూ ఉన్నాయి. ఓపికున్నవాళ్ళు అక్కడికీ వెళ్ళవచ్చు.

నా గురువుకి మా చిన్నవాడికంటే రెండేళ్ళు తక్కువ. "అంకుల్జీ" అని పిలిచేవాడు. వారంట్ ఆఫీసర్‌నని మొదటిరోజు చెప్పాను, రెండోరోజు నుంచి చెప్పడం మానేశాను. మొదటి గంట బండి కదపనివ్వలేదు. సీటు ఎంత ముందుకు ఉండాలంటే, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. మూడు అద్దాలు సరిచేసుకోవాలి. ఆ మూడింటిలోనూ కనబడని చోటు ఎక్కడుందో, తాను బయట నడిచి చూపించాడు. ఒకచోట మనిషి మొత్తం మాయమైపోయాడు! అరవై ఏళ్ళు రోడ్డు మీద నడిచినవాణ్ణి, కారువాడికి నేను కనపడకపోవచ్చని అప్పుడు తెలిసింది.

నా కాలి జబ్బు కూడా అతనే పట్టాడు. నేను కుడికాలు మొత్తం లేపి ఒక పెడల్ మీద నుంచి ఇంకోదాని మీదికి వేస్తున్నాను. కంగారులో ఎక్కడ పడుతుందో తెలియదు. మడమ బ్రేకుకి ఎదురుగా నేలకి ఆనించి, పాదం ముందుభాగం మాత్రమే తిప్పమన్నాడు. రెండురోజులు ఆగిన బండిలోనే అది చేయించాడు. చెప్పులు మాన్పించి బూట్లు వేయించాడు. రేడీ సంఘటన వివరం అతనికి నేను చెప్పలేదు, తానే కనిపెట్టి అడిగాడు. "ఎవరికైనా తగిలిందా అంకుల్జీ?" అన్నాడు. లేదన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

పన్నెండో రోజు నిజాముద్దీన్ బ్రిడ్జి మీదికి ఎక్కించాడు. పక్కన బస్సు రాసుకుంటూ వెళ్తుంటే నేను స్టీరింగు కొయ్యలా పట్టుకుని కూర్చున్నాను. నా కారు దానంతట అదే నెమ్మదించింది. అతని కాలు తన బ్రేకు మీద ఉంది. ఒక్క మాట లేదు. బ్రిడ్జి దిగాక మాత్రం "ముందు బండికి మూడు సెకన్లు వదలండి, అప్పుడు బస్సు భయం సగం పోతుంది" అన్నాడు. నిజంగానే పోయింది.

పరీక్షలో మొదటిసారి తప్పాను. ఆటోమేటెడ్ ట్రాక్ మీద ఎస్ ఆకారంలో వెనక్కి నడపాలి, గీత తాకాను. సిఫారసులు పనిచెయ్యవు, తీర్పు చెప్పేది కెమెరా. ఏడురోజులు ఆగి మళ్ళీ వెళ్ళి పాసయ్యాను. 55 దాటినవాళ్ళకి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు, నాది 2027 దాకా. మొట్టమొదటి సోలో, మనవాళ్ళ భాషలో, ఒక ఆదివారం పొద్దున్న ఉత్తర గురువాయూరప్పన్ గుడి దాకా. ఒకటిన్నర కిలోమీటరు కూడా ఉండదు. దిగేసరికి చొక్కా తడిసిపోయింది.

వయసు సంగతి దాచను. మెడ పూర్వంలా తిరగదు. ఎదురు లైట్లు పడితే కళ్ళు చెదురుతాయి. అందుకని చీకటి పడ్డాక అత్యవసరమైతే తప్ప తియ్యను, డిసెంబరు, జనవరి పొగమంచులో అసలే తియ్యను. జలుబు మాత్ర వేసుకున్న రోజు తాళం ముట్టను, అవి నిద్ర తెప్పిస్తాయి. ఆ జనవరి రాత్రి లాంటిది మళ్ళీ వస్తే? నెమ్మదిగా అయినా తీసుకెళ్ళగలను. అంతకంటే ఎక్కువ నేను కోరుకోలేదు.

బెల్టు గురించి ఒక్కమాట. 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణగారు నల్గొండ దగ్గర ప్రమాదంలో పోయారు. నాన్నగారి చైతన్యరథాన్ని ఊరూరా నడిపిన మనిషి, స్టీరింగు ఆయనకి కొత్త కాదు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పుడు చెప్పారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన లెక్క ఇది. మన యుద్ధాల లెక్కలు మీకు తెలుసు, పోల్చి చూసుకోండి. మా కారులో వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకునేదాకా నేను ఇంజిన్ స్టార్ట్ చెయ్యను. మా బావమరిది దీని మీద ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

కిందటేడు మా ఆవిడ కూడా అదే స్కూల్లో, అదే కుర్రాడి దగ్గర నేర్చుకుంది. నేను నేర్పుతానని నోరు జారాను, ఒక చూపు చూసింది. ఆవిడకి యాభై తొమ్మిది. ఎస్ ట్రాక్ మొదటిసారే పాసైంది. ఆ సంగతి ఈ సభలో చెప్పాలని షరతు పెట్టింది కాబట్టి చెప్పాను.

మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, ఫారం 1ఎ ఎక్కడ సంతకం చేయించాలో చెప్తాను. అదిగో, రెండో వరసలోంచి మా ఆవిడ తాళాలు ఊపుతోంది. చీకటి పడకముందే బయల్దేరాలి.