ఎరువు వేసిన ట్యాంకులో రొయ్యలు బతకాలంటే ఏం చేయాలి?

ఈరోజు నా తప్పు ఒకటి చెప్తాను. వినండి, మీ రొయ్యలైనా బతుకుతాయి.

నాది తిరుపతిలో 40 లీటర్ల ట్యాంకు. నిండా మొక్కలు, 30 ఎర్ర చెర్రీ రొయ్యలు. మొక్కల ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయని లిక్విడ్ ఎరువు తెచ్చి, లేబుల్ మీద ఉన్నదానికి రెండింతలు పోసేశాను. మూడో రోజు పొద్దున చూస్తే 11 రొయ్యలు పోయినాయి. మిగతావి మూలకు చేరి కదలడం లేదు.

ఎరువే చంపేసింది అనుకున్నా. తిరుమలలో ఉండే నా ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట: "రేయ్, తగ్గిన నీళ్లు యాడివి పోస్తా ఉండావు?"

మా ఇంట్లో రాగి బిందె ఉంది. రాత్రంతా నిలవ ఉన్న నీళ్లు. వాటినే రోజూ ఒక చెంబుడు ట్యాంకులో పోస్తున్నా!

ఇక్కడ అసలు విషయం అర్థం చేసుకోండి. మన రక్తంలో ఆక్సిజన్ మోసేది ఇనుము ఉన్న హిమోగ్లోబిన్. రొయ్య రక్తంలో ఆ పని చేసేది రాగి ఉన్న హిమోసయనిన్. అంటే రొయ్యకు కొంచెం రాగి కావాలి. కానీ నీళ్లలో ఎక్కువైతే మొప్పలు దెబ్బతింటాయి. తాగే నీళ్లలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అది మనుషుల లెక్క. రొయ్యలు అందులో చాలా చిన్న వంతుకే తట్టుకోలేవు.

మరి ఎరువులో రాగి ఉండదా? ఉంటుంది. మొక్కలకు కూడా అది కావాలి. మంచి ట్రేస్ ఎరువులో అది చాలా తక్కువ, పైగా ఈడీటీఏ లాంటి పదార్థంతో కట్టేసి ఉంటుంది. లేబుల్ ప్రకారం వేస్తే సాధారణంగా భయం లేదు. నేను రెండింతలు పోశాను, పైన రాగి బిందె నీళ్లు. రెండిట్లో ఏది చంపిందో ఇప్పుడు తేల్చలేను. రెండూ ఆపేశాను.

అసలు భయపడాల్సింది పొలానికి వేసే యూరియా, డీఏపీకి. "చిటికెడు వేస్తే చాలు" అని ఎవరన్నా చెప్పినా వేయకండి. వాటినుంచి అమ్మోనియా వస్తుంది. బోరు నీళ్ల పీహెచ్ ఎక్కువగా ఉంటే ఆ అమ్మోనియా ఇంకా విషం అవుతుంది. నత్రజని కావాలంటే పొటాషియం నైట్రేట్ వాడండి. 40 లీటర్లలో ఒక గ్రాము వేస్తే నైట్రేట్ సుమారు 15 పీపీఎం పెరుగుతుంది. ట్యాంకులో నైట్రేట్ 20 దాటకుండా చూసుకోవాలి కాబట్టి, గ్రాము అంటే కూడా ఎక్కువే!

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. లేబుల్‌లో చెప్పినదాంట్లో పావు వంతుతో మొదలు. దాన్నీ ఒకేసారి పోయను, వారం మొత్తానికి పంచుతాను. రెండు వారాలు చూసి, మొక్కలు అడిగితేనే పెంచుతాను. వారానికి ఒకసారి 20 శాతం నీళ్లు మారుస్తాను.

నీళ్ల సంగతికి వద్దాం. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఉత్త ఆర్వో నీళ్లలో ఏమీ ఉండదు. రొయ్య పెరిగేకొద్దీ పాత గుల్ల వదిలి కొత్తది కట్టుకుంటుంది, అదే మౌల్టింగ్. కాల్షియం లేకపోతే అది మధ్యలోనే ఇరుక్కుని చచ్చిపోతుంది. నెల్లూరు వైపు వనామీ చెరువుల రైతులు మినరల్స్ చల్లేది అందుకే. అందుకని ఆర్వో, బోరు నీళ్లు కలపండి. జీహెచ్ 6 నుంచి 8, టీడీఎస్ 150 నుంచి 250 మధ్య ఉంచండి. ఆవిరైన నీళ్లకు బదులు మాత్రం ఆర్వో నీళ్లే పోయండి. ఎందుకంటే నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పులు ట్యాంకులోనే ఉంటాయి.

ఇక ఎండ. కొండమీద నా ఫ్రెండ్‌కు చల్లగానే ఉంటుంది, కింద మనకు మే నెలలో 40 దాటుతుంది. చెర్రీ రొయ్యలకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. ట్యాంకు మీదికి చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజనే తీసుకుంటాయి. కాబట్టి లైట్ ఆపేటప్పుడు సీఓటూ ఆపేసి, ఎయిర్ పంప్ వేయండి.

ఇంకో మాట. ఆ పంప్ పీల్చేది గదిలో గాలే. దోమల స్ప్రే, లిక్విడ్ మందు ఆ గదిలో వద్దు. ఆ మందులు రొయ్యలకు చాలా ప్రమాదం. కొత్త మొక్కల మీద కూడా పురుగుమందు ఉండొచ్చు. కొన్ని రోజులు వేరే బకెట్లో నీళ్లు మారుస్తూ ఉంచి, తర్వాత ట్యాంకులో పెట్టండి. చేపల మందు కొనేటప్పుడు అందులో కాపర్ సల్ఫేట్ ఉందేమో చూడండి.

రొయ్యలు తినడం మానేసి, పైకి ఎగబాకుతున్నా, పక్కకు పడిపోతున్నా ఎరువు వెంటనే ఆపండి. పావు వంతు నీళ్లు, అదే వేడిలో ఉన్నవి, మెల్లగా మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఒకేసారి నీళ్లన్నీ మార్చేస్తే ఆ దెబ్బకే ఇంకొన్ని పోతాయి.

నా ట్యాంకులో 19 మిగిలాయి. పోయిన వారం ఒకదాని పొట్ట కింద గుడ్లు కనిపించాయి. మొక్కలు ఇంకా కొంచెం పసుపుగానే ఉన్నాయి, పర్వాలేదు. మొక్క నెమ్మదిగా కోలుకుంటుంది, పోయిన రొయ్య తిరిగి రాదు కదా.

రేపు మీ ట్యాంకులో నీళ్లు పోసే ముందు ఒక్కసారి చూడండి, అవి ఏ బిందెలోవో. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.