చెరువులో వదిలిన చేప



ఈ పూట పట్టాలు అందుకుంటున్న మత్స్యశాస్త్ర విద్యార్థులారా, మీ వయసులో నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పాలి. మా ఇంట్లో అక్వేరియం ఉండేది. అద్దానికి పట్టిన పాచి తింటుందని షాపతను వేలెడంత సక్కర్ చేపను ఇచ్చాడు. చూస్తుండగానే అడుగు దాటింది. తిరగడానికి చోటు లేక తోక అద్దానికి కొట్టుకుంటుంటే చూడలేక, ఒక సాయంత్రం బకెట్లో తీసుకెళ్లి ఊరి చెరువులో వదిలాను. పుణ్యం చేశాననుకున్నాను.

చాలా ఏళ్లకు అదే చెరువు గట్టు మీద ఒక పెద్దాయన వల ముందేసుకుని కూర్చున్నాడు. నిండా సక్కర్ చేపలే. ఒంటి మీద ఎముక పలకలు, రెక్కలకు గరుకు ముళ్లు. లాగితే వల చిరుగుతోంది గానీ చేప ఊడి రావడం లేదు. చివరికి కత్తి తీసి వలే కోశాడు. "కొనేవాడు లేడు, తినేవాడు లేడు బాబూ. వల మాత్రం పోయింది" అన్నాడు. అవన్నీ నా ఒక్క చేప సంతానమని అనను. అలా వదిలినవాళ్లం ఎంతమందిమో! ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. పైకొచ్చి గాలి మింగి బతకగలదు కనుక నీళ్లు చెడినా అంత తేలిగ్గా చావదు.

అలాగని అక్వేరియం పెంచేవాళ్లను దోషుల్ని చేయడానికి రాలేదు. మెక్సికోలో టెయుచిట్లాన్ నదిలో ఉండే చిన్న టెకీలా చేప ఆ నదిలో కనిపించకుండా పోయింది. ఐరోపాలో అక్వేరియం ప్రియులు పెంచుకుంటున్న తొట్టెల్లో మిగిలింది. 1998లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూ నుంచి 5 జతలు మెక్సికోలోని మిచోవాకాన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడివాళ్లు వాటి సంతతిని పెంచి, పెద్ద చెరువుల్లో అలవాటు చేసి, 2017లో సుమారు 1,500 చేపల్ని సొంత నీళ్లలోకి వదిలారు. రోజూ తొట్టె ముందు కూర్చునే మనిషి ఓపిక ఎంత పని చేస్తుందో చూడండి.

మరి మన కాలువల్లోని చిన్న పరిగె చేపల సంగతేమిటి? బొచ్చె, శీలావతి గురించి మనకు పుస్తకాలకు పుస్తకాలు తెలుసు, వాటికి ధర ఉంది కనుక. పొలం కాలువలో పిల్లలు గుడ్డతో పట్టే పరిగెను ఎవరు లెక్కపెడుతున్నారు?

అక్వేరియం షాపులకు వెళ్లండి. పెరిగిన చేపను వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయమని అడగండి. ఇళ్లలో చేపలు పెంచేవాళ్లకు పరిగెను చూపించి, పెంచుకోమనండి. ఏ కాలువది, ఏ రోజు పట్టింది రాసుకోమనండి. రెండు చోట్ల చేపల్ని కలపవద్దనీ, వాటి పిల్లల్ని సొంతంగా చెరువులో వదలవద్దనీ నచ్చజెప్పండి. తొట్టెలోని రోగం చెరువుకు పాకుతుంది. వదలాలా వద్దా అన్నది పరీక్షించి తేల్చాల్సింది మీరు.

ఇప్పుడు మా ఇంటి తొట్టెలో మా ఊరి కాలువ పరిగెలున్నాయి. ఈ ఉదయం నాచులో ఆవగింజకన్నా చిన్న గుడ్లు కనిపించాయి. పెద్ద చేపలు తినేయకముందే వాటిని వేరే తొట్టెలోకి మార్చి, నోటుబుక్కులో తేదీ వేసి, మీ దగ్గరికి బయల్దేరాను.