మొదటి కెమెరా: రీలుదా, డిజిటలా?

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

ఈ మధ్య మన పిల్లలు కొందరు నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఫొటోలు తీయడం నేర్చుకోవాలి, ఫిల్మ్ కెమెరా కొనమంటారా, డిజిటలా?" రీలు కాలం అయిపోయిందనుకున్న నాకు ఈ ప్రశ్న వినడమే సంతోషం. తాతల యాషికాలు అటక మీంచి దిగుతున్నాయి. అయినా నా జవాబు డిజిటలే.

రీలుకు 36 ఫొటోలు. నేను తిరువూరు స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో కలర్ రీలు బస్సెక్కి బెజవాడ లాబ్‌కు వెళ్ళి, ప్రింట్లయి తిరిగొచ్చేసరికి మూడు నాలుగు రోజులు. అప్పటికి ఏ ఫొటోకు ఎంత వెలుగు పెట్టామో ఎవరికి గుర్తు? బ్లాక్ అండ్ వైట్ మేమే కడిగేవాళ్ళం. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన ఊళ్ళో కుండలో నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు! సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి తొట్టిలో వేసి, అందులో డెవలపర్ సీసా నిలబెట్టేవాళ్ళం. ఐసు కరిగేలోపు పని ముగించాలి.

ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు ఆ యాతన దేనికి? ఎండలో తెల్లపంచె కట్టిన పెద్దాయన్ని డిజిటల్లో తీయండి. పంచె మడతలు మాయమైతే అక్కడికక్కడే కనబడుతుంది. వెలుగు తగ్గించి మళ్ళీ తీయొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: కలర్ నెగటివ్ వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. డిజిటల్‌ది దీనికి తిరగబడ్డ స్వభావం. తెలుపు ఒకసారి తేలిపోతే మళ్ళీ రాదు.

"రీలుతో క్రమశిక్షణ వస్తుంది కదండీ" అంటారు. సగం అది డబ్బు భయం. డిజిటల్లోనూ 36 దగ్గర ఆపేయండి, ఎవరొద్దన్నారు?

తమాషా ఏమిటంటే, 1975లో డిజిటల్ కెమెరా తయారుచేసిన స్టీవెన్ సాసన్ కొడాక్ ఉద్యోగే. ఒక్క ఫొటో క్యాసెట్‌ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. అదే కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఊటీలో తయారైన మన 'ఇందు' ఫిల్మూ ఇప్పుడు రాదు.

అయితే రీలు గెలిచేచోట ఒకటుంది. ఈ సంచికకు ఫొటోలు పోగుచేస్తుంటే పాత బ్యాచ్‌ల గ్రూపు ఫొటోలు ట్రంకుపెట్టెల్లోంచి వచ్చాయి, పసుపెక్కినా మొహాలు చెదరలేదు. మొన్న మొన్నటి బ్యాచ్‌లను అడిగితే "ఫోన్ పోయిందండీ", "మెమరీ కార్డు తెరుచుకోవడం లేదండీ" అన్నారు. కొన్ని బ్యాచ్‌లకు ఒక్కటీ దొరకలేదు. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు వేల సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే డిజిటల్ కొనేవాళ్ళకు నాదొక షరతు. రీలుకయ్యే డబ్బు మిగిలింది కదా, దానితో నెలకు పది ఫొటోలు ప్రింటు వేయించండి. వెనక పెన్సిలుతో పేర్లు, తేదీ రాయండి. మిగతావి రెండు చోట్ల దాచండి.

బయట బల్ల మీద రెండు రకాల కెమెరాలూ పెట్టాను. పిల్లలు తీసుకుని చూడొచ్చు. నల్లదాంట్లో ఇంకా పదకొండు ఫొటోలు మిగిలున్నాయి, దాని వెనక మూత మాత్రం తెరవకండి.