సరిహద్దు పట్టణంలో కథ చెప్పేదెవరు?

(ఆలయ వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన జొహోర్ బారు సరిహద్దు పట్టణం. 1924లో జలసంధిపై ప్రారంభమైన కట్ట ఒక కిలోమీటరుకు కొంచెం మించిన పొడవుతో మనలను సింగపూరుతో కలుపుతున్నది. మీలో ఎందరి తల్లిదండ్రులో తెల్లవారకముందే ఆ కట్ట దాటి పనికి పోతారు. చీకటి పడిన తరువాత గాని ఇల్లు చేరరు. పిల్లలకు కథ చెప్పవలసిన వేళ వారు వాహనాల బారులో నిలిచి ఉంటారు. కనుక ఈ ఊరిలో కథ చెప్పేదెవరు అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు మన పొరుగువారు చెప్పుకొన్న సమాధానమొకటి మీ ముందుంచుతాను. 1988లో ఈ పట్టణంలోనే కవి టాన్ చాయ్ పువా, సంగీతజ్ఞుడు టాన్ హుయి సాంగ్ కలిసి 24 డోళ్ళ కళకు రూపమిచ్చారు. చైనీయుల సేద్యపు పంచాంగంలో సంవత్సరానికి 24 భాగాలు. ఒక్కొక్క భాగం పేరును ఒక్కొక్క డోలుపై కుంచెతో వ్రాయించారు. పొలం పనుల కదలికలను వాయింపులో ఇమిడ్చారు. ఆ కళను నేర్చి పెంచినవారు బడిపిల్లలు. ఆ పేర్లలో ‘పెద్ద మంచు’ ఒకటి. మంచు కురియని ఊరిలో, నాగలి పట్టి ఎరుగని పిల్లలు ఆ డోలు వాయిస్తున్నారు! ఆ కళ చైనా నుండి ఓడలో వచ్చినది కాదు. ఇక్కడ పుట్టి, తరువాత చైనాతో సహా పలు దేశాలకు వెళ్ళినది. 2009లో దానికి మలేసియా జాతీయ వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది.

మనకు అటువంటి సంపద లేదా? సూర్యుని నక్షత్ర సంచారాన్ని బట్టి మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా విభజించుకొన్నారు. ఒక్కొక్కటి సుమారు 13, 14 రోజులు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని, మృగశిరతో ఎండ చల్లబడుతుందని పెద్దలంటారు. ఏడాది పొడవునా వానలు కురిసే ఈ ఊరిలో ఏ రోలూ పగలదు. అందుచేత ఆ పేర్లు మనకు పనికిరానివని తలచాము. పొరుగువారి పిల్లలు తమ పంచాంగాన్ని డోళ్ళపై వాయించారు. మనము మన పంచాంగాన్ని గోడకు తగిలించి ఊరుకొన్నాము.

కథ చెప్పే కళ కూడా మనకు ఉన్నది. బుర్రకథలో తంబురా మీటే కథకునికి ఇరువైపులా డక్కీలతో ఇద్దరు వంతలు నిలుస్తారు. ఒకరు హాస్యం చెబితే, మరొకరు నేటి లోకవ్యవహారం చెబుతారు. అంటే ఈనాటి కట్టమీది రద్దీకి సైతం ఆ కథలో ముందే చోటున్నది. పల్నాటి కథను, బొబ్బిలి కథను ఊరూరా వినిపించిన షేక్ నాజర్ గారిని తెలుగువారు బుర్రకథ పితామహునిగా గౌరవించారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీరగాథ చెప్పినవాని మతమేదని శ్రోతలు అడుగలేదు. అనేక జాతులు ఇరుగుపొరుగుగా బ్రతికే ఈ పట్టణంలో మనము గుర్తుంచుకోవలసిన మాట ఇది.

ఇక నా తప్పు చెప్పుకొంటాను. మా నాయనమ్మ పెరాక్‌లోని రబ్బరు తోటలో పాలు తీసే పని చేసేది. ఆమె కూడా తెల్లవారకముందే, దీపపు వెలుగులో, చెట్టు చెట్టుకు గీత పెట్టడానికి పోయేది. రాత్రి నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, “అబ్బాయీ, మా ఊరి సంగతి చెబుతా, వింటావా?” అనేది. “పరీక్షలు కానీ నాయనమ్మా” అనేవాణ్ణి. పరీక్షలు అయినవి. ఆమె లేదు. ఆమె పుట్టిన ఊరి పేరు సైతం నాకు తెలియదు. తెలిసినవారెవరూ మిగలలేదు.

యువతీయువకులారా, వచ్చే వార్షికోత్సవంలో ఈ వేదికమీద ఒక అరగంట మీది. మీ ఇంటి పెద్దల కథను బుర్రకథగా కట్టండి. మీ తెలుగు తడబడినా, నడుమ మలయ్ మాటో ఇంగ్లీషు మాటో దొర్లినా దోషం లేదు. మీ జీవితం ఆ మాటలతోనే నడుస్తున్నది గదా! చైనీయ మిత్రుడు డోలుతో తోడు వస్తానంటే పక్కన నిలబెట్టుకోండి. మాబోటివారము తప్పులెన్నడానికి గాక వినడానికి వచ్చి ముందు వరుసలో కూర్చుంటాము.

అయితే కథ కట్టడానికి ముందు అడగవలసినది ఉన్నది. ఏ ఊరు, ఏ ఓడ, ఏ తోట అని నేడు ఇల్లు చేరగానే అడగండి. పరీక్షలు అయిన తరువాత కాదు. ఈ రాత్రికే అడగండి.