పాలమూరు సీమలో రైలు త్రోవ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



వనపర్తికి పోవలసిన ప్రయాణికుడు దిగు స్టేషను పేరు "వనపర్తి రోడ్డు". పట్టాలు మదనాపురము ప్రక్కగ పోయినవి కాని, పట్టణములోనికి రాలేదు. ఊరి పేరు వెనుక "రోడ్డు" అను మాట చేరినదన్న, ఆ ఊరు ఇంకను దూరమున నున్నదని యర్థము. అలంపురము సంగతియు నట్టిదే. వనపర్తిని దాటి కొల్లాపురపు త్రోవలో నున్న పాన్‌గల్ వంటి గ్రామములకు ఆ దూరము మఱింత పెద్దది. ఈ సీమ రైలు చరిత్రలో సగము ఈ యొక్క మాటలోనే యిమిడియున్నది.

బొంబాయి నుండి వచ్చిన మార్గమును, మద్రాసు నుండి వచ్చిన మార్గమును రాయచూరులో కలిసికొన్నది 1871లో. వాడి నుండి సికిందరాబాదునకు బండి నడచినది 1874లో. ఈ రెండు పెద్ద మార్గములును పాలమూరు సీమ యంచులనే పోయినవి. వనపర్తి, గద్వాల సంస్థానముల రైతులకు చాలకాలము బండెద్దులే దిక్కయినవి.

ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున సికిందరాబాదు నుండి గద్వాలవైపు ఒక శాఖను వేయసాగిరి. కాచిగూడ స్టేషను 1916లో కట్టినది. మహబూబునగరము, దేవరకద్ర, కురుమూర్తి, వనపర్తి రోడ్డుల మీదుగ సాగిన ఈ త్రోవ క్రమముగ కృష్ణను, తుంగభద్రను దాటి, కర్నూలు మీదుగ ద్రోణాచలమువఱకు కలిసినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీ నుండి రైల్వేను స్వాధీనము చేసికొన్నది. 1951లో అది మధ్య రైల్వేలో చేరినది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే యేర్పడినది.

ఇది మీటరుగేజి మార్గము. పట్టాల నడుమ ఒక్క మీటరు వెడల్పు. పెద్దపట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. చిన్నపట్టాలకు వ్యయము తక్కువ, కట్టుట తేలిక. కాని చిన్నబండి పెద్దపట్టాలపై నడువదు. రెండు త్రోవలు కలియు స్టేషనులో వేరుసెనగ బస్తాను ఒక బండి నుండి దించి మఱియొక బండి కెత్తవలెను. ఆ కూలియు, ఆ జాప్యమును తుదకు రైతు పంటధర మీదనే పడును. 1990 దశకమున ఈ మార్గమును పెద్దపట్టాలకు మార్చిన పిమ్మట గాని ఆ బాధ తీరలేదు.

రైలు సరకులనే గాక మనుష్యులను గూడ మోసినది. వానలు లేని యేడు మూటముల్లె కట్టుకొని ఆనకట్టల పనులకు, కాలువల పనులకు దేశము నలుమూలలకు పోయిన పాలమూరు కూలీలను ఈ దేశమంతయు నెఱుగును. ఊరికి మేలు చేయవలసిన త్రోవ, కఱవు నాట ఊరిని ఖాళీచేయు త్రోవయు నైనది. దోషము పట్టాలది కాదు. నీరును పనియు ఊరిలో లేకపోవుటది.

గద్వాలకు రాయచూరు అరువది కిలోమీటర్లకు లోపే. నడిగడ్డ ప్రజలకు అది యిరుగుపొరుగు బజారు. అయినను ఆ రెంటి నడుమ రైలు నడచినది 2013లో. రాయచూరు కూడలి యైన నాటినుండి లెక్కించిన 142 సంవత్సరములు! దేవరకద్ర నుండి మక్తలు మీదుగ కృష్ణా స్టేషనునకు వేసిన మార్గమున చివరి భాగము 2023 అక్టోబరు 1న జాతి కంకితమైనది. గద్వాల నుండి వనపర్తి, నాగరుకర్నూలు, అచ్చంపేటల మీదుగ మాచర్లకు త్రోవ వేయవలెనన్న కోరిక మాత్రము ఏండ్ల తరబడి సర్వేలలోనే నలిగినది.

కాలయాపన జరిగినచోట ప్రజలకు కావలసినది నిరాశ కాదు, జ్ఞాపకము. ఏ యేట ఏ వినతి పంపిరి, స్టేషను నుండి ఊరికి బస్సు ఏ వేళకు నడచినది, ఏ పంట ఎంత దూరము బండిపై పోయినది — ఇవి వ్రాసియుంచిన గ్రామము అధికారి యెదుట లెక్కతో మాటలాడగలదు. వృద్ధుల నోట నున్న సంగతులు వారితోనే పోనీయరాదు. పాత కాలపట్టికలను, వినతిపత్రముల నకళ్లను గ్రామ గ్రంథాలయము కథల పుస్తకముల ప్రక్కనే భద్రపఱచవలెను. పట్టాలు వేయుట ప్రభుత్వపు పని. అడుగుట మఱవకుండుట గ్రామపు పని.