లెక్కలో తప్పిపోయిన ఊరు
(కృష్ణదేవిపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వలస అనగానే పొట్ట చేతపట్టుకుని పోయేవాళ్లే మనకు గుర్తొస్తారు. కానీ మన ఊరికి పేరు తెచ్చిన అల్లూరి సీతారామరాజుగారు ఇక్కడ పుట్టినవారు కారు. 1897లో పాండ్రంగిలో పుట్టి, ఊళ్లు తిరిగి, ఇక్కడికి చేరారు. 1924 మే 7న బ్రిటిష్ వారి తుపాకీకి బలయ్యాక ఈ మట్టిలోనే సమాధి అయ్యారు.

1991 ఫిబ్రవరిలో నాకు జనాభా లెక్కల డ్యూటీ వేశారు. పుట్టిన ఊరు, ఇంతకుముందు ఉన్న ఊరు, ఎందుకు వచ్చారు అన్నవి ప్రతి మనిషినీ అడగాలి. పొద్దు వాలుతోందని ఒక ఇంట్లో అందరికీ పుట్టిన ఊరు ఇదేనని రాసేశాను. అరుగు మీది ముసలమ్మ, "బాబూ, నేనూ నా కోడలూ ఇక్కడ పుట్టామా? మమ్మల్ని అడగవేం?" అంది. సిగ్గేసింది. ఆ చీటీలు దిద్ది, అంతకుముందు రాసిన ఇళ్లకు మళ్లీ తిరిగాను.

అది చిన్న తప్పు కాదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో ఊరు మారినవారు 45 కోట్లకు పైగా. వారిలో ఎక్కువమంది స్త్రీలు, కారణం పెళ్లి. నాలాగే అందరూ తొందరపడితే ఆ ఆడవాళ్లు కాగితం మీద కదలనే కదలరు.

విశాఖపట్నం చూడండి. 1901లో జనాభా 40 వేల పైచిలుకు. 2011 నాటికి 17 లక్షలు దాటింది. 1933లో ఓడరేవు, తరువాత నౌకా నిర్మాణం, ఉక్కు కర్మాగారం వచ్చాయి. పనికోసం జనం వెళ్లారు. 2005లో గాజువాక వంటివి నగరంలో కలిశాయి. అంటే పట్నం పురుళ్లతో, వలసతో, ఎల్లలు జరపడంతో పెరుగుతుంది. ఏది ఎంతో తెలియాలంటే పుట్టిన ఊరు సరిగా రాయాలి. నీళ్లు, బడులు, ఆసుపత్రులు ఎక్కడ ఎంత కావాలో ఆ లెక్కే చెబుతుంది.

2021లో జరగవలసిన జనగణన కొవిడ్ వల్ల ఆగింది. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కించాలని 2025లో గెజిట్ వచ్చింది. మనలో చాలామందిమి కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు పిల్లల దగ్గర ఉండేవాళ్లమే. ఎక్కడో ఒక్కచోటే పేరు రాయిద్దాం. హైదరాబాదులో ఉండే కొడుకును పరువు కోసం ఇక్కడ రాయించవద్దు. వచ్చిన ఉద్యోగి తొందరపడితే, ఆ అరుగు మీది అమ్మలాగా ఒక్కమాట అడగండి.