కోనేటి యొద్దకు చేర్చువారెవరు?

ఈ దినము మన ధ్యాన వాక్యభాగము యోహాను సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 9 వచనములు.

యెరూషలేములో బేతెస్ద అను కోనేరు ఉన్నది. అక్కడ 38 సంవత్సరముల నుండి వ్యాధిగ్రస్తుడైన ఒక మనుష్యుడు పడియున్నాడు. కోనేరు ఎదుటనే ఉన్నది. అయినను అందులోనికి దించుటకు తనకు మనిషి లేడనియు, తాను వచ్చునంతలో మరియొకడు ముందుగా దిగుచున్నాడనియు అతడు ప్రభువుతో చెప్పుకొనెను. బలము గలవాడు ముందు దిగెను, దిక్కులేనివాడు ఒడ్డుననే ఉండిపోయెను.

ప్రియులారా, నేటి ఆసుపత్రులలో ఎక్స్‌రే, స్కానింగు గదుల సంగతి కూడ ఇదే కాదా? 1895 నవంబరులో జర్మనీ దేశములో రాంట్‌జెన్ అను శాస్త్రవేత్త ఎక్స్‌ కిరణములను కనుగొనెను. ఆయన వాటిపై పేటెంటు తీసుకొనలేదు, అందరికి ఉపయోగపడనిచ్చెను. అయినను 2021లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ చెప్పినదేమనగా, ప్రపంచ జనాభాలో 47 శాతము మందికి రోగనిర్ధారణ సేవలు అసలే లేవు, లేదా అరకొరగా ఉన్నవి.

మన ములుగు 2019 ఫిబ్రవరిలో జిల్లా అయినది. తెలంగాణ ప్రభుత్వము ఉచిత పరీక్షల పథకమును 2018లో హైదరాబాదులో ప్రారంభించి, 2021లో జిల్లాలకు విస్తరింపజేసినది. దీని కొరకు దేవుని స్తుతించుదము. అయితే యంత్రము ఒక్కటే చాలదు. కరెంటు ఉండవలెను, యంత్రమును నడుపు టెక్నీషియన్ ఉండవలెను, ఫిల్మును చదివి చెప్పు డాక్టరు ఉండవలెను. వీరిలో ఒక్కరు లేకపోయినను రోగి వరంగల్‌కు బయలుదేరవలసినదే. ఏటూరునాగారము నుండి అది సుమారు 100 కిలోమీటర్లు. బస్సు ఛార్జీ ఒకటి, పోయిన కూలి ఒకటి, తోడు వచ్చువాని కూలి మరొకటి. ఇంటిలో కోయ భాష మాట్లాడు వృద్ధురాలికి ఏ కౌంటరులో చీటీ తీసుకొనవలెనో ఎవరు చెప్పుదురు?

ఆలస్యమునకు వెల ఉన్నది. గర్భిణికి మాయ క్రిందికి ఉన్నదో, బిడ్డ అడ్డము తిరిగినదో స్కానింగు ముందుగా చెప్పును. మోటారుసైకిలు మీదనుండి పడినవాని తలలో రక్తము గడ్డకట్టినదో లేదో సి.టి. స్కాన్ చూపును. ఎక్స్‌రేలో క్షయ జాడ కనబడినయెడల ఇల్లంతటికి అంటకముందే మందులు మొదలుపెట్టవచ్చును.

కొందరు విశ్వాసులు, ప్రార్థన చేసితిమి గనుక స్కానింగు ఎందుకు అని అడుగుదురు. పౌలు తనతో నున్న లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచెను, వైద్యమును త్రోసివేయలేదు. ప్రార్థించి పంపుడి, పంపి ప్రార్థించుడి. ప్రార్థన పేరిట ఎవరినీ ఇంటిలో ఆపవద్దు.

సంఘస్థులారా, మీరు చేయగలిగిన పనులున్నవి. ప్రతి సంఘములో ఇద్దరు యౌవనస్థులు ఆసుపత్రికి తోడు వెళ్లుటకు సిద్ధపడుడి. కానుకలలో కొంత దారిఖర్చుల కొరకు ప్రత్యేకించుడి. పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట తీసుకొని వెళ్లునట్లు చూడుడి. గర్భముతో ఉన్న స్త్రీ ఎక్స్‌రేకు ముందు ఆ సంగతి తప్పక చెప్పవలెనని నేర్పుడి. మరియు, యంత్రము మూలపడియున్నయెడల, సిబ్బంది లేనియెడల, పంచాయతీ పెద్దలతో కలిసి అధికారులకు వినతిపత్రము ఇయ్యుడి. పేదల పక్షముగా అడుగుట కూడ పరిచర్యయే.

ఆ మనుష్యుడు చాలకాలము నుండి పడియున్నాడని ప్రభువు ఎరిగెను. అనేకుల నడుమ ఆయన చూపు అతనిమీద నిలిచెను. ఆ చూపు మనకును కావలెను. మన గ్రామములో ఏ రోగియు తనకు మనిషి లేడని చెప్పుకొనకుండునట్లు ఈ వారమే ఒక గడప తొక్కుదము.

ప్రార్థించుదము. కనికరముగల తండ్రీ, దూరపు పల్లెలలో నొప్పితో ఎదురుచూచుచున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. డాక్టర్లకు, టెక్నీషియన్లకు, నర్సులకు బలము దయచేయుము. మమ్మును తోడు నడచువారినిగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.